తోక తెగిన పున్నమి

త్రయోదశి, మొదటి షిఫ్టు

ఈ లాగుబుక్కులో యంత్రాల సంగతులు మాత్రమే రాయాలని రూలు. యంత్రాలన్నీ బాగున్నాయి. మనుషులకే బుద్ధి లేదు. ఇన్నేళ్ల సర్వీసులో దీన్ని ఎవరూ తెరిచి చూడలేదు కనుక, ఇవాళ్టి నుంచి నాకు ఒళ్లు మండిన సంగతులు కూడా ఇందులోనే రాస్తాను. చదివేవాళ్లుంటే వచ్చి అడగండి.

నా పేరు భూలక్ష్మి. చంద్రుడి దక్షిణపు కొసన నీలిగుంట మా ఊరు. ఊరి పక్కనే గుంట. అది పుట్టినప్పటి నుంచి దాని అడుగున ఎండ పడలేదు. అక్కడ గడ్డకట్టిన మంచును మావాళ్లు తవ్వి పైకి తెస్తారు. అదే మేం తాగే నీరు, అదే పీల్చే గాలి. ఆకాశంలో దుమారం రేగితే అది గుంట మీదికి రాకముందే చెప్పాలి. ఆ పనికి సూచన గది అని ఒక ఆఫీసు, అందులో నాకొక కుర్చీ.

పొద్దున్నే మా ఆయనతో తగువు. మా ఆయన ఓదెలు మొదటి షిఫ్టు సర్దార్. అతని కింద ఐదుగురు. నేను టీ నీళ్లకు మంచు గీకుతుంటే అతను సూటు తొడుక్కుని ఈల వేసుకుంటూ బయల్దేరాడు. గొలుసు గోడకు వేలాడుతూనే ఉంది.

గొలుసంటే రాగి తీగ. ఒక కొస సూటు నడుముకు, రెండో కొస డ్రిల్లుకు. చీకట్లో ఉన్న గుంట నేల మీద సూర్యుడి గాలి మోసుకొచ్చే కరెంటు పేరుకుంటుంది. మనిషీ యంత్రమూ ఒకే గొలుసు మీద ఉంటే ఇద్దరిలోనూ ఒకే కరెంటు, నిప్పురవ్వ దూకదు. లేకపోతే దూకుతుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

“గొలుసేది?” అన్నాను.

“ఇయ్యాల్టి సంది తోకరోజులు గదనే!”

నెలనెలా త్రయోదశి నుంచి విదియ దాకా మా చంద్రుడు భూమి వెనక్కి పోతాడు. భూమి అయస్కాంతం సూర్యుడికి అవతలి వైపు పొడుగ్గా తోకలా సాగి ఉంటుంది, దానిలోంచి పోతాడు. సూర్యుడి గాలి ఆ లోపలికి రాదు. ‘తోకల గాలుండది’ అని మా తాతలు అన్నారట. అన్నప్పటి నుంచి ఆ ఐదారు రోజులూ గొలుసులన్నీ గోడకే. ఎవరైనా వేసుకుంటే ‘కట్టేసిన కుక్క’ అని షిఫ్టంతా నవ్వుతారు.

“పోయిన నెల పక్కింటి కొంరయ్య మామ సచ్చింది తోకరోజుల్లనే,” అన్నాను.

“సూటు ఖరాబై సచ్చిండు.”

“ఎవడు చెప్పిండు నీకు?”

“మీ ఆఫీసోళ్లే చెప్పిరి! ఊకె నా మీద పడతవేందే?” అని తలుపు మూసుకుని పోయాడు.

నిజమే, మా ఆఫీసే చెప్పింది. అందుకే ఇంకా మండింది. టీ కూడా తాగకుండా వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను.


చతుర్దశి, మొదటి షిఫ్టు

కావళ్లు వణుకుతున్నాయి.

కావళ్లంటే తోకలో వేలాడే మా మూడు ఉపగ్రహాలు. అక్కడి అయస్కాంతం ఎటు తిరిగింది, ఎంత బలంగా ఉంది అని క్షణక్షణం చెబుతాయి. అవి పంపిన గీత నా తెర మీద నిన్నటి నుంచి గజగజలాడుతోంది. అదే గీత పెద్ద తెర మీద తెల్లవారుజాము చెరువులా నిద్రపోతోంది. కారణం దువ్వెన. కావళ్ల నుంచి వచ్చిన ప్రతి గీతనూ ఒక ప్రోగ్రాము దువ్వి, చిక్కులు తీసి, నున్నగా చేసి పెద్ద తెరకు పంపుతుంది. దువ్విన గీత ఎర్రగీటు దాటితేనే సైరన్. దువ్వనిది చూడ్డం నా పని, దాన్ని నమ్మడం మాత్రం నా పని కాదట!

నేనే ఒకసారి విప్పి రాస్తాను, రేపు ‘ఎవరూ చెప్పలేదు’ అనకుండా.

తోకలో అయస్కాంత గీతలు రెండు దొంతరలు. పై దొంతర భూమి వైపు పోతుంది, కింది దొంతర భూమి నుంచి బయటికి పోతుంది. మధ్యన వేడి కణాల పొర ఒకటి రెంటినీ విడదీసి ఉంచుతుంది. ఆ పొర పలచబడి పై గీత, కింది గీత ఎదురెదురుగా తాకితే రెండూ తెగుతాయి. తెగి, పైదాని ముక్క కిందిదాని ముక్కతో అతుక్కుంటుంది. అతుక్కున్న గీత వడిసెల వదిలినట్టు తటాలున గుంజుకుని, లోపలి వేడినంతా విసిరేస్తుంది. ఒక విసురు భూమి వైపు, ఒక విసురు మా వైపు.

పొర నున్నగా ఉంటే ఒక్కచోటే తెగుతుంది, అదీ మెల్లగా. అప్పుడు మాకు సగం షిఫ్టు ముందే తెలుస్తుంది. దువ్వెన నమ్ముకున్న లెక్క ఇదే. కానీ తోకలో సుళ్లు లేస్తే పొర నున్నగా ఎందుకుంటుంది? నలిగి ముడతలు పడుతుంది. ముడత ముడత దగ్గరా ఒక తెగు. ఒక్కో తెగు మళ్లీ కొత్త సుళ్లు రేపుతుంది, ఆ సుళ్లు పోయి ఇంకో పది చోట్ల తెంపుతాయి. కొత్త చీరను లాగితే దారం దారంగా చిరుగుతుంది. చివికిన చీరను లాగితే మొత్తం ఒక్కసారే చేతికొస్తుంది. అంటే నా తెర మీద కనిపించే వణుకు చెత్త కాదు. తోక తెగడం మొదలైతే కనిపించేది ఆ వణుకే. మేం దాన్ని పేలు తీసినట్టు తీసి పారేస్తున్నాం.

సుదర్శనం గారి దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. ఆయన సూచన గదికి పెద్ద, దువ్వెన రాసింది కూడా ఆయనే. ఒక్కనాడూ గొంతు పెంచి మాట్లాడరు. అలాంటి మనిషితో కొట్లాడ్డం ఎంత కష్టమో నాకే తెలుసు.

“కూచో భూలక్ష్మీ. చాయ్ తాగుతవా?”

“చాయ్ వద్దు సార్. సైరన్ కావాలె.”

“వణుకు ఎప్పుడుండదమ్మా? వణికినప్పుడల్లా సైరన్ కొడితే ఏమైతదో నేను చూసిన. నేను నీ అంత ఉన్నప్పుడు షిఫ్టుకు మూడుసార్లు కొట్టేది. జనం పైకొచ్చుడు, ఏం గాకపోవుడు, తిట్టుకుంట మళ్ల దిగుడు. ఆఖరుకు సూర్యుడి తుపాను నిజంగనే వచ్చిననాడు కొడితే ఒక్కడు పైకి రాలే. మా అన్న సుత.” కప్పు కింద పెట్టారు. “నాన్నా పులి కథ మనకు జరిగింది. అందుకే దువ్వెన రాసిన.”

ఆయన అన్న సంగతి నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. అయినా ఊరుకోలేకపోయాను.

“పులి రాకముందు అరవొద్దు, సరే సార్. పులి గాండ్రిస్తుంటే చెవుల్ల దూది పెట్టుకునుడెందుకు? పోయిన నెల కొంరయ్య మామ సచ్చిననాటి గీత దువ్వకుంట చూసిండ్రా మీరు?”

“చూసిన. నాకు గోలనే కనబడ్డది.”

“గోల మనుషులను సంపదు సార్!”

“దువ్విన గీత గీటు దాటనీ. నేనే కొడత,” అన్నారు. అదే మెత్తని గొంతు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. చెవిటివాడైనా నయం, ఈయన అంతా విని తల ఊపి ఊరుకుంటారు.


చతుర్దశి, ఇంటికొచ్చాక

ఇది ఆఫీసు లాగుబుక్కే. ఇంటి నుంచి రాస్తున్నాను. రాయకపోతే నా నెత్తి పగిలేట్టుంది.

సూటు లోగుడ్డలు ఉతుకుతుంటే ఓదెలు కుడిచేతి గ్లవుజు కనిపించలేదు. వెతికితే మంచం కింద దొరికింది. చూపుడువేలు కొస నల్లగా మాడి, లోపలి పొర దాకా కాలింది. ఇంకో పొర పోతే వేలి దగ్గర సూటులో గాలి నిలిచేది కాదు.

“ఇదేంది?”

“ఏంది?”

“కండ్లు కనబడ్తలేవా? ఇదేందని అడుగుతున్న!”

“డ్రిల్లు ముట్టుకుంటే చిటుక్కుమన్నది. గంతే.”

“గంతేనా? కొంరయ్య మామకు సుత చిటుక్కుమనే ఉంటది, గంతే! దాన్ని మంచం కింద దాస్తివి. నాకు తెల్వొద్దని దాస్తివి. నేను పొద్దంతా ఆ ముసలాయన ముంగట నోరు నొయ్యంగ కొట్లాడుతుంటే, నువ్వు సాక్ష్యం తెచ్చి మంచం కింద పడేస్తివా!”

అతను తల దించుకున్నాడు. ఆ మనిషికి సిగ్గు తక్కువేం కాదు, మొండితనం ఎక్కువ.

“రేపు గొలుసు ఏస్కొని దిగు,” అన్నాను.

“సర్దార్నే. అయిదుగురు ఉత్తగ దిగుతుంటే నేను గొలుసేస్కొని దిగాల్నా? ఎల్లుండి నా మాట ఎవడింటడు?”

“ఆ అయిదుగురికీ ఏస్కొమ్మని చెప్పు.”

“ఏమని చెప్పాలె? నా పెండ్లాం భయపడుతున్నదనా? సైరన్ మోగలే, ఆఫీసు చెప్పలే. మీ తెర మీద చల్లగున్నదని రాసి ఉంటే నేనేం చెప్పాలె?”

మళ్లీ అదే దెబ్బ. ఆఫీసును చూసి ఇతను గొలుసు వేసుకోడు, దువ్వెనను చూసి ఆఫీసు సైరన్ కొట్టదు. పిల్లికి ఎలుక సాక్ష్యం. గ్లవుజు తీసి గోడకు విసిరాను. ఇక్కడ బరువు తక్కువ కదా, అది కూడా మెల్లగా, మర్యాదగా పోయి పడింది. ఈ ఊళ్లో కోపాన్ని విసిరేయడానికి కూడా దిక్కులేదు.

అప్పుడే లింగవ్వత్త వచ్చింది. కొంరయ్య మామ భార్య, పక్క గది. పోయిన నెల నుంచి రోజూ వచ్చి కాసేపు కూర్చుని పోతుంది. గోడ మీది ఎర్రఫోను వంక చూస్తూ కూర్చుంటుంది.

ఆ ఎర్రఫోను ప్రతి ఇంట్లో, మా సూచన గదిలో కూడా ఉంటుంది. దాన్ని చావు లైను అంటాం. గుంటలో ఎవరైనా చనిపోతే ఇంటి ఆడది ఆ ఫోను ఎత్తి శోకం పెడుతుంది. గుంటలో ఉన్నవాళ్లందరికీ అది వినపడుతుంది. వినపడగానే ఎవరు, ఏమిటి అని అడగకూడదు. ఉన్నచోటనే అందరూ గొలుసులు కలుపుకుని, ఒకరి వెనక ఒకరు పైకి రావాలి. శవం ఊళ్లోకి వచ్చి, సూచన గది పెద్దాయన ఆ లైను మీద చనిపోయినవాళ్ల పేరు, చావు కారణం పలికేదాకా గుంటలోకి ఎవరూ దిగరు. ఇది కంపెనీ పెట్టిన రూలు కాదు. భూమి మీద బొగ్గు గనుల్లో పనిచేసిన మా పాతవాళ్లు వెంట తెచ్చుకున్న పద్ధతి. దాన్ని కదిలించే దమ్ము ఏ మేనేజరుకూ లేదు. లైను మీద అబద్ధమాడినవాళ్లతో మాత్రం ఊరు మళ్లీ మాట్లాడదు.

కొంరయ్య మామకు ఆ శోకం దక్కలేదు. పైకి తెచ్చేదాకా ఊపిరుందట. గట్టు మీద పోయాడు కనుక అది గుంట చావు కాదన్నారు. సూటు ఖరాబన్నారు. తెల్లారి షిఫ్టు మామూలుగా దిగింది.

“ఏడ్సనియ్యలే బిడ్డా,” అంది లింగవ్వత్త నాతో. “నలబై ఏండ్లు ఆ గుంటల మంచు తవ్విండు. ఫోను ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నరు.”

ఓదెలు లేచి లోపలికి పోయాడు. అతను ఏడుస్తుంటే నేను చూడకూడదు, అదొక పౌరుషం.


పౌర్ణమి, మొదటి షిఫ్టు

జరిగింది వరసగా రాస్తాను.

ఓదెలు పొద్దున గొలుసు వేసుకోలేదు. తలుపు దగ్గర కాసేపు నిలబడి, గొలుసును సంచిలో వేసుకున్నాడు. నడుముకు తగిలించలేదు, సంచిలో. “సంచిల ఉంటది, సరేనా?” అన్నాడు. గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తా అన్నట్టు ఉంది. కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు.

గదికి వచ్చేసరికి నడిమి కావలి గీత పిచ్చెక్కినట్టు ఊగుతోంది. అయస్కాంతం పైకీ కిందికీ తిరగబడుతోంది. తిరగబడిన ప్రతిచోటా వేడి కణాలు ఎగిసిపడుతున్నాయి. అంటే చిన్నచిన్న చోట్ల తెగడం మొదలైంది. పది కాదు, ఇరవై కాదు. లెక్కపెట్టడం మానేశాను. పెద్ద తెర మీద మాత్రం గీత బారసాల ఉయ్యాల ఊగినట్టు మెత్తగా ఊగుతోంది. ఒక తెగు పైకి లాగితే ఇంకో తెగు కిందికి లాగుతోంది. దువ్వెన రెంటినీ కలిపి సున్నా చేస్తోంది.

“సార్, చూడండి!”

సుదర్శనం గారు వచ్చి నా తెర చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. ఆయన మొహం రంగు మారడం నేను చూశాను. అయినా మెడ పెద్ద తెర వైపు తిప్పారు.

“గీటు దాటలే.”

“దాటదు సార్. ఎన్నటికీ దాటదు. తెగినంక సుత దాటదు!”

“ఇంకొంచెంసేపు చూద్దాం అమ్మా.”

మొదటి కావలి కూడా తిరగబడింది. అది భూమికి దగ్గరది. అక్కడ విసిరిన వేడి మా దాకా రావడానికి చాయ్ కాగేంత సేపు చాలు. గుంట నుంచి నిచ్చెనలెక్కి పైకి రావడానికి దానికి నాలుగింతలు కావాలి. కానీ గొలుసు కలుపుకోవడానికి ఒక్క నిమిషం చాలు. సైరన్ తాళం ఆయన మెడలో ఉంది. గుంట ఫోను మాకు లేదు. గోడ మీద ఎర్రఫోను ఉంది.

నేను ఆలోచించలేదు. అబద్ధం చెప్పను, ఆలోచించి ఉంటే ఎత్తేదాన్ని కాదేమో. మొగుడు బతికుండగా శోకం పెట్టిన ఆడదాన్ని ఊరు ఏమంటుందో తెలియనంత చిన్నదాన్ని కాను.

ఫోను ఎత్తాను. నాకు శోకం రాదు. మా అమ్మకు వచ్చు, నేను చదువుకున్నాను. నోరు తెరిస్తే మొదట తిట్లే వచ్చాయి.

“ఓ నా అయ్యా... ఓ నా మొండోడా... గొలుసేసుకోమంటే సంచిల ఏసుకుంటివి గదరా అయ్యా... సంచికి పానముంటదా అయ్యా... నలుగురు నవ్వుతరని నన్ను నట్టేట్ల ముంచితివి గదయ్యా... నవ్వెటోళ్లు నాకు బువ్వ పెడతరా అయ్యా...”

ఎక్కడ మొదలైందో కానీ, మధ్యలో అది నటన కాకుండా పోయింది. ఏడుపు వచ్చేసింది. కోపమంతా నీళ్లయి కారుతోంది. సుదర్శనం గారు నా భుజం పట్టుకుని ఫోను లాక్కోబోయారు. నేను మోచేత్తో తోశాను.

లైనులో ఇంకో గొంతు వినపడింది. లింగవ్వత్త.

“ఎవరే? ఎవరు పోయిండ్రే బిడ్డా?”

అందరికీ వినపడే లైను అది. ఏం చెప్పను? వెక్కిళ్ల మధ్య ఒక్కటే అన్నాను. “కొంరయ్య మామ పోయిన తీర్గనే అత్తా...”

మామను చంపిందే మళ్లీ వస్తోందని ఆమెకు అర్థమైంది. తర్వాత లేచింది శోకం. నాది కాదు, ఆమెది. నెల రోజులు గొంతులో ఆపుకున్న శోకం.

“ఓ నా కొంరయ్యా... నిన్ను గట్టు మీద పండబెట్టి గుంటల సావలేదంటిరి గదయ్యా... నలబై ఏండ్లు తవ్వినోనికి నాలుగు మాటలు ఏడ్సనియ్యకపోతిరి గదయ్యా... ఎవరి కండ్లల్ల మన్ను కొట్టిండ్రు అయ్యా... నా కండ్లల్లనే కొట్టిండ్రు అయ్యా...”

ఫోను చేతిలో ఉండగానే గుంట కెమెరా చూశాను. ఆరుగురూ పని వదిలేశారు. ఎవరూ అటూఇటూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. చావు లైను కోసం డ్రిల్లు గూట్లో ఉంచే గొలుసులు తీసి ఒకరి నడుముకు ఒకరు తగిలించుకుంటున్నారు. ఓదెలు సంచి విప్పి తన గొలుసు తీశాడు. చివరి కొక్కెం డ్రిల్లుకు బిగించింది కూడా అతనే. తొందరలో అతని గడ్డపార నేల మీద పడిపోయింది. ఎవరూ తీయలేదు.

మూడు కావళ్లూ ఒక్కసారే తిరగబడ్డాయి. తోక తెగింది.

చాయ్ కాగేంత సేపట్లో ఆరుగురూ డ్రిల్లు పక్కన వరస కట్టారు. తర్వాత గుంట అడుగు నీలంగా మెరిసింది. డ్రిల్లు అంచుల వెంట, దీపాల చుట్టూ, సూటు భుజాల మీద సన్నటి వెలుగు. కింద పడ్డ గడ్డపార గొలుసు మీద లేదు కదా, దాన్నుంచి డ్రిల్లుకు ఒక రవ్వ దూకింది. మనిషి చేయంత పొడుగు రవ్వ. గడ్డపార కొస కరిగిపోయింది. దీపాలు రెండు పేలాయి, కెమెరా ఆరిపోయింది.

పెద్ద తెర మీద దువ్విన గీత కొద్దిగా పైకి లేచి, గీటు దాటకుండా, మర్యాదగా దిగిపోయింది.


పాడ్యమి

ఆరుగురూ పైకి వచ్చారు. ఓదెలు ఇంటికి వచ్చి, నా మొహం చూడకుండా పడుకున్నాడు. మా అత్తగారు ఫోను చేసి “నా కొడుకును బతికుండంగనే తినేస్తివి గదనే” అంది. పోనీ, అననీ.

పొద్దున హాలులో పంచాయితీ. కంపెనీ మేనేజరు, సుదర్శనం గారు, మిగతా ఊరు. ఇదివరకు నా పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఇవాళ దూరంగా కూర్చున్నారు.

“గ్రాఫులో ఏమీ లేదు,” అన్నాడు మేనేజరు. “గీటు దాటలేదు. దీపాలు పాతవి, పేలాయి. ఎవరూ చనిపోలేదు. ఈమె చావు లైను మీద అబద్ధం ఆడింది.”

“దువ్విన గ్రాఫును అడిగితే నిన్న తోకనే లేదంటది,” అన్నాను. “కరిగిపోయిన గడ్డపారను అడగండి.”

“అది వేరే సంగతి. ఉత్తుత్తి శోకమని ఒప్పుకో. గుంట తెరుద్దాం, ట్యాంకులో నీళ్లు తగ్గుతున్నాయి.”

అప్పుడు ఓదెలు లేచి నిలబడ్డాడు. నిన్నటి నుంచి మూసుకున్న నోరు తెరిచాడు.

“తెరువనీకి లేదు సార్. శోకం లేచింది. పేరు చెప్పలే. పేరు చెప్పేదాంక మేం దిగం. మా తాతల కాన్నుంచి గంతే.”

“ఎవరి పేరయ్యా? ఎవరూ చావలేదు కదా!”

“నా పెండ్లాం గొంతే మొదలు ఇన్న నేను. నేనే సచ్చిన్నేమో అనుకొని నడుము తడిమి చూసుకున్న,” అన్నాడు. హాలులో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. “కాని లైను మీద రెండు గొంతులున్నయి. రెండోది అబద్ధమైతే కాదు.”

అందరూ లింగవ్వత్త వైపు తిరిగారు. ఆమె కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

“నా మొగని పేరు చెప్పుండ్రి,” అంది. “ఎట్ల సచ్చిండో చెప్పుండ్రి. గప్పుడు దిగుతరు పిల్లలు. లేకుంటే దాహానికి సస్తం, నేను సుత మీతోనే సస్త.”

ఆరుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక రెండో షిఫ్టు, మూడో షిఫ్టు. పేరు పలకాల్సింది మేనేజరు కాదు, నేను కాదు. సూచన గది పెద్ద.

సుదర్శనం గారు నా దగ్గరికి వచ్చారు. నేను వెంట తెచ్చిన నా తెరను ఆయన ముందు పెట్టాను. పైన కొంరయ్య మామ పోయిననాటి గీత, కింద నిన్నటిది. రెండూ దువ్వనివి. అదే గజగజ, అలాగే తిరగబడటం. పైదాని కొసన ఒక మనిషి పోయాడు, కిందిదాని కొసన గడ్డపార కరిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“మళ్ల జనం పైకి రారేమో అమ్మా,” అన్నారు. అంత మెల్లగా అన్నారు, నాకొక్కదానికే వినపడింది. “అదొక్కటే నా భయం.”

మొదటిసారి ఆయన మీద కోపం తగ్గింది. పోలేదు, తగ్గింది. “నిన్న వచ్చిండ్రు గద సార్,” అన్నాను. “గొలుసు వేస్కోమని కొడదాం. పైకి రమ్మని కాదు. ఒక్క నిమిషం పనికి ఎవడు సణుగుతడు?”

ఆయన పోయి హాలు గోడ మీది ఎర్రఫోను ఎత్తారు. ఆ గొంతు ఎప్పుడూ పెరగదని రాశాను కదా. ఇవాళ కూడా పెరగలేదు. విరిగింది.

“కొంరయ్య. మొదటి షిఫ్టు. గుంటల సచ్చిండు. తోక తెగి, రవ్వ దూకి సచ్చిండు. సూటు మంచిగనే ఉండె. మా గది చెప్పకపోవుడు తప్పు.”

లింగవ్వత్త మళ్లీ ఏడ్చింది. ఈసారి ఊరంతా ఆమెతో ఏడ్చింది. ఓదెలు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. నా చెవి దగ్గరికి వంగి, “‘సంచికి పానముంటదా’ అంటివి. గా మాట షిఫ్టోళ్లందరు ఇన్నరు. నా ఇజ్జత్ పోయింది గదనే,” అన్నాడు.

“ఇజ్జతే గద పోయింది,” అన్నాను.


త్రయోదశి, మొదటి షిఫ్టు

మళ్లీ తోకలోకి వచ్చాం. దువ్వెన పెద్ద తెర మీద నుంచి పోయింది. సైరన్ తాళాలు ఇప్పుడు రెండు. ఒకటి నా మెడలో ఉంది.

షిఫ్టు మధ్యలో నడిమి కావలి వణికింది. చూశాను, ఇంకొంచెం చూశాను. మొదటి కావలి కూడా వణకగానే సైరన్ కొట్టాను. గొలుసు సైరన్, చిన్నది. తర్వాత కూర్చుని ఎదురుచూశాను. వణుకు మెల్లగా సర్దుకుంది. తోక తెగలేదు. ఏమీ కాలేదు.

సుదర్శనం గారు నా బల్ల మీద చాయ్ పెట్టి పోయారు.

గుంట ఫోను ఇప్పుడు మాకు కలిపారు. అది మోగింది, ఎత్తాను. తిట్లు. ఆరుగురూ ఒకేసారి. డ్రిల్లు ఆగిపోయిందని ఒకరు, గొలుసు కాలికి చుట్టుకుందని ఒకరు, ‘గీ ఆడదానికి పనీపాటా లేదా’ అని ఒకరు. మధ్యలో మా ఓదెలు: “ఏందే భూలచ్చీ, ఏం గాలే గదనే! మమ్మల్ని కట్టేసిన కుక్కలను జేస్తివి!”

“మొరుగుండ్రి,” అన్నాను. “ఒక్కొక్కరే మొరుగుండ్రి, వింట.”

ఆరు గొంతులూ విడివిడిగా విన్నాను. విన్నాక ఫోను పెట్టేశాను.